ముప్పై దాటనివ్వకు

"చేరి ఎన్ని రోజులైందమ్మా?"

ఇస్త్రీ పెద్దాయన అడిగింది ఆ ఒక్క మాటే. ఆమె మడత పెడుతున్న ఆసుపత్రి దుప్పటి చేతుల్లోంచి జారిపోయింది.

"ఎందుకండీ?"

"ఊరికే."

ఊరికే ఎవరైనా రోజులు లెక్కపెడతారా?

ఆ లాండ్రీలో చేరి ఆమెకు ఇరవై ఒక్క రోజులు. ఆ సంగతి భృతి ఆఫీసుకు చెప్పలేదు.

మొగుడు చెప్పాపెట్టకుండా పోయినప్పటి నుంచి ఇల్లు, పని లేనివాళ్ళకి సర్కారిచ్చే ఆ భృతి మీదే నడిచింది. ఎనిమిదేళ్ళ కూతురికి రెండు పూటలా ఇన్సులిన్ సూది పడాలి. భృతి ఉన్నవాళ్ళకి మందుల కార్డు ఉంటుంది. కార్డు చూపిస్తే ఇన్సులిన్ ఊరికే ఇస్తారు.

లెక్క కూడా చిన్నదే. ఇంట్లో కూర్చుంటే నెలకి ఎనిమిది వేలు వస్తుంది, మందులు ఊరికే. పనికెళ్తే పది వస్తుంది, భృతి పోతుంది, కార్డు పోతుంది, మందులకే ఏడు ఖర్చు. చివరికి మిగిలేది మూడు. నడుం విరిగేలా చేస్తే మూడు, కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఎనిమిది! కష్టే ఫలి అన్నవాడెవడో ఈ లెక్క వేసి ఉండడు.

అలాగని కూర్చోనూ లేకపోయింది. మీ అమ్మ ఏం చేస్తుందని బళ్ళో అడిగితే, "ఆఫీసుకెళ్ళి సంతకం పెడుతుంది" అందట కూతురు.

అందుకే పనిలో చేరింది. చేరి, నోరు మూసుకుంది. ఇప్పుడు పదీ వస్తోంది, ఎనిమిదీ వస్తోంది. నిద్రే రావడం లేదు.

"ఆ పెద్దాయనతో జాగ్రత్త" అంది మడత బల్ల అవతల పనిచేసే ఆవిడ.

"ఏం వదినా?"

"ప్రతి శుక్రవారం భృతి ఆఫీసులో కనిపిస్తాడట. నీకంటే ముందు ఇక్కడో పిల్ల పనిచేసేది. ఈయన నాలుగు ముక్కలు మాట్లాడాడో లేదో, మరుసటి నెలే దాని భృతి ఆగిపోయింది."

"అంటే... చేరవేస్తాడా?"

"గోడకి చెవులుంటాయంటారు. ఇక్కడ ఇస్త్రీపెట్టెకీ ఉన్నాయి."

ఆ రోజు నుంచి ఆమెకు కాలు నిలవలేదు. తలుపు చప్పుడైతే తనిఖీవాళ్ళేమో అనుకునేది. డాక్టర్ల తెల్లకోట్లు ఇస్త్రీ చేస్తూ పెద్దాయన తలెత్తితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది.

ఎనిమిది రోజుల తర్వాత ఆయనే ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇవాళ్టికి ఇరవై తొమ్మిది కదమ్మా? ఆఫీసులో చెప్పావా?"

"మీకెందుకండీ?"

"ముప్పై దాటనివ్వకు. దాటితే ఇక ఎవరూ ఏం చెయ్యలేరు."

బెదిరిస్తున్నాడు! ఆమె ఒళ్ళు మండిపోయింది.

"ఇంకొక్క మాట మాట్లాడారంటే సూపర్‌వైజర్‌ని పిలుస్తాను."

"అది కాదు తల్లీ, ఆ కార్డు..."

పిలిచింది. పనిచేసుకోనివ్వకుండా వెంటపడుతున్నాడని చెప్పింది.

"మంచి పని చేశావ్. ముసలాయనకి చేతులు వణుకుతున్నాయి, మొన్న ఓ కోటు కాల్చాడు. నేనూ సాకు కోసమే చూస్తున్నా" అన్నాడు సూపర్‌వైజర్.

సాయంత్రానికి ఇస్త్రీ బల్ల ఖాళీ అయింది. పోతూ పోతూ పెద్దాయన ఒక మడతపెట్టిన కాగితం ఆమె ముందు పెట్టాడు.

"చదువుకో అమ్మా."

బెదిరింపు ఉత్తరం కాక ఇంకేముంటుంది? విప్పకుండానే సంచిలో కుక్కేసింది.

తెల్లారేసరికి ఇంకో భయం పట్టుకుంది. పని పోగొట్టుకున్నవాడు కసి తీర్చుకోకుండా ఉంటాడా? ఆయన చెప్పేలోపు తనే చెప్పేస్తే కనీసం దొంగతనం కాదు. ఒక పూట సెలవు పెట్టి భృతి ఆఫీసుకు పరిగెత్తింది.

"నేను పనిలో చేరానండీ" అంది, గుమాస్తా ముందు నిలబడి.

గుమాస్తా తలెత్తలేదు. "చేరి ఎన్ని రోజులైంది?"

మళ్ళీ అదే ప్రశ్న!

"ముప్పై."

"అదృష్టవంతులు, ఇవాళే ఆఖరు. ముప్పై రోజుల్లోగా చెప్తే భృతి ఆగుతుంది గానీ, మందుల కార్డు మూడేళ్ళు ఉంటుంది. ఒక్కరోజు దాటినా ఉండదు."

ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. కార్డు ఉంటే మందుల ఏడు లేదు. పదికి పదీ తనవే.

"ఈ సంగతి ఎక్కడా చెప్పరేమండీ?"

"గోడకి అంటించాం కదమ్మా."

అంటించారు, నిజమే. తెరిచిన తలుపు వెనకాల.

"గుర్తింపు కాగితాలు తియ్యండి."

సంచి వెతుకుతుంటే ఆ మడత కాగితం బయటపడింది. గుమాస్తా విప్పి చూశాడు.

"ఫారం నింపుకునే వచ్చారే!"

ఆమె పేరు, లాండ్రీ పేరు, చేరిన తేదీ, అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. సంతకం ఒక్కటే మిగిలింది.

"ఈ అక్షరాలు ఇస్త్రీ పెద్దాయనవే! ప్రతి శుక్రవారం ఇక్కడికొచ్చి మీలాంటివాళ్ళకి ఫారాలు నింపుతుంటాడు, మిమ్మల్నీ ఇక్కడే చూసుంటాడు. ఆయన రాస్తే తప్పులుండవు. ఈ రూలు తెచ్చిందే ఆయన."

"ఆ ఇస్త్రీ ఆయనా?"

"తొమ్మిదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాడమ్మా. అప్పట్లో పనిలో చేరిన రోజే కార్డు తీసేసేవాళ్ళం. ఆయనదీ తీసేశాం. మొదటి జీతం చేతికి రాకముందే, మందు అందక కూతురు పోయింది."

 ఆమె సంతకం పెట్టింది.

"ఆయన ఇల్లెక్కడో చెప్తారా? కాళ్ళు పట్టుకోవాలి."

"ఇల్లెందుకు? అదిగో, ఉన్న పని పోయిందట."

కొత్తగా భృతి అడిగేవాళ్ళ వరసలో, చిట్టచివర, ఇస్త్రీ మడత నలగని చొక్కాతో పెద్దాయన నిలబడి ఉన్నాడు.

ఆమెను చూశాడు, చేతిలోని టోకెన్ పిడికిట్లో దాచుకుంటూ ఆత్రంగా అడిగాడు.

"ముప్పై దాటలేదు కదమ్మా?"