వాకోవర్ లేదు

1978 నవంబరు పదకొండు, శనివారం. టెన్నిస్ సెమీఫైనల్ గెలిచిన సంబరంలో మల్లేశం కరోల్ బాగ్‌లో ఒక బండి దగ్గర నిలబడి రెండు ప్లేట్ల ఛోలే భటూరే తిన్నాడు. పైన ఒక పెద్ద గ్లాసు లస్సీ. రాత్రికల్లా వాంతులు, విరేచనాలు. డబుల్స్‌లో అతనితో జతగా ఆడే పెద్దిరాజు అతన్ని ఆటోలో వేసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాడు.

తెల్లారింది. మధ్యాహ్నం రెండింటికి పురుషుల డబుల్స్ ఫైనల్. మల్లేశం చేతికి ఇంకా సెలైన్ ఎక్కుతోంది.

ఉదయం డ్యూటీకి వచ్చిన మార్త సిస్టర్ నాడి చూసింది. బీపీ చూసింది. నాలుక చాపమంది.

"మళ్ళీ వాంతి అయిందా?"

"లేదు సిస్టర్. ఇప్పుడైతే ఆకలైతుంది."

"ఆకలేసిందంటే బతికావు." గ్లూకోజు, ఉప్పు కలిపిన నీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. "గుక్క గుక్కగా తాగు. ఇక్కడేం పందెం లేదు."

మల్లేశం తాగుతూ తలుపు వైపే చూశాడు. "నన్ను పంపిస్తరా? ముప్పై నాలుగేండ్లొచ్చినయ్. మళ్ళ ఫైనల్ దాకా పోతనో, పోనో."

"అవతల ఎవరు?"

"అంద్రెయ, శ్రీరాములు. రైల్వేలో జేస్తరు. అంద్రెయకు నాకంటే రెండేండ్లు ఎక్కువే. ఇదే ఆఖరాట అంటుండట. ఎడమదిక్కు బంతి వేస్తే చాలు, రాకెట్‌ని చీపురు పట్టినట్టు పట్టుకుంటడు. గంటసేపు నిలబడగలిగితే కప్పు మాదే సిస్టర్!"

మార్త పెదవి బిగించింది. "కబుర్లు ఆపి తాగు."

రాత్రి చూసిన డాక్టరు 'సోమవారం పంపిద్దాం' అని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆదివారం రౌండ్లు ఉండవు.

మార్త డాక్టరుకి చెయ్యడానికి ఫోను వైపు నడుస్తుంటే చిన్న నర్సు జయశీల చెయ్యి పట్టుకుని మందుల గదిలోకి లాగింది.

"అక్కా, నీకేమన్నా పిచ్చా? డాక్టరే సోమవారం అన్నాడు. నువ్వేం చెయ్యక్కర్లేదు. ఊరికే కూర్చో, చాలు."

"ఊరికే కూర్చోడానికేనా నాకు జీతమిచ్చేది?"

"నీ ఖర్మ. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవకు."

ఫోనులో డాక్టరు విసుక్కున్నాడు. "సిస్టర్, ఆజ్ ఇత్వార్ హై."

"ఆదివారమని అతని ఒంటికి తెలీదు సార్, బాగైపోయింది. ఒక్కసారి వచ్చి చూడండి. ఆడకూడదంటే నేనే మంచానికి కట్టేస్తాను. చూడకుండా వద్దంటే మాత్రం మళ్ళీ ఫోన్ చేస్తాను."

ఆయన పెట్టేశాడు. ఆమె మళ్ళీ చేసింది. ఇంకోసారి చేసింది.

ఇంతలో టోర్నమెంటు నిర్వాహకుడు లక్ష్మీపతి కోటు సర్దుకుంటూ వార్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"చూడమ్మా, డబుల్స్‌లో ఒక్కడు రాకపోయినా జోడీ మొత్తం లేనట్టే. అవతలివాళ్ళకి ఆడకుండానే కప్పు ఇచ్చేస్తాం. వాకోవర్ అంటారు. జనం వచ్చి కూర్చోకముందే మైకులో చెప్పాలి. ఇతను రాడని ఒక్క మాట అనెయ్, అందరికీ సుఖం."

"వాకోవర్ లేదు. మైకు దగ్గరికి ఎవర్నీ పంపకండి."

"ఏం, నువ్వు డాక్టరువా?"

"కాదు. అందుకేగా డాక్టర్ని పిలుస్తున్నాను."

"అతను ఆడితే నీకేంటమ్మా లాభం?"

మార్త మల్లేశాన్ని లేపి నిలబెట్టింది. సెలైన్ సీసా ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, అతన్ని వరండాలో నడిపించింది. నేల తుడుస్తున్న గౌరి, అతను జారకుండా దాటేదాకా తడిగుడ్డ గాల్లోనే పట్టుకుని నిలబడింది. వరండా చివర కాస్త ఎండ పడుతోంది. మల్లేశం అందులో నిలబడి కళ్ళు మూసుకున్నాడు. ఆయా తెచ్చిన పల్చటి గంజి తాగాడు. కడుపులో నిలిచింది.

డాక్టరు హవాయి చెప్పులతో, స్వెటరు తిరగేసి తొడుక్కుని వచ్చాడు. పొట్ట నొక్కాడు. పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూశాడు. అందరూ ఆయన మొహంలోకి చూస్తున్నారు.

"ఠీక్ హై. కళ్ళు తిరిగితే ఆపెయ్యాలి. మధ్యమధ్యలో ఈ నీళ్ళు తాగాలి." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఆటో కోసం ఎక్కడ వెతుకుతావు? నా స్కూటరెక్కు."

లక్ష్మీపతి గొణుక్కుంటూ ముందే బయల్దేరాడు.

మార్త సూది తీసి దూది అదిమింది. మల్లేశం కళ్ళు చెమర్చాయి. "అక్కా, కప్పు దెచ్చి మొదలు నీకే చూపిస్త."

"నాకు చూపించక్కర్లేదు. వెళ్ళి సరిగ్గా ఆడు."

ఆదివారం మనుషులు తక్కువ. మార్త సాయంత్రం దాకా డ్యూటీలోనే ఉంది. వార్డు ఫోను మోగింది. అవతల పెద్దిరాజు, అతని వెనక జనం కేకలు.

"గెలిచాం సిస్టర్! మూడు సెట్లూ ఆడాం! మావాడు పడిపోలేదు!"

"మంచిది," అంది మార్త.

జయశీల టీ పోసి, చక్కెర ఒక చెంచా ఎక్కువ వేసి ఆమె ముందు పెట్టింది. మార్త తాగి, మిగిలిన మంచాలకు మందులిచ్చి, ఘాజియాబాద్ బస్సెక్కింది.

ఆ రాత్రి ఆమె దీపం ఆర్పి, ఫైనల్లో ఓడి వచ్చి నిద్రపోతున్న తన భర్త అంద్రెయకు మెలకువ రాకుండా, గది తలుపు మెల్లగా వేసింది.