కిటికీ పక్క సీటు

రైలుబస్సు ఇంకా రాకముందే అసిరయ్య ప్లాట్‌ఫారం అంచున నిలబడిపోయాడు. ఒంటి మీద పొందూరు ఖద్దరు పంచె, ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో వేయించిన పల్లీల పొట్లం. హడావుడి ఆయనది, బెంగ ఆయన పెళ్ళాం లక్ష్మణమ్మది.

“మళ్ళీ సెప్తన్నాను ఇను. నిన్ను సూసి బండిలో నలుగురూ నవ్వారంటే మద్దిలో దిగిపోతాను. ఆనక నువ్వొక్కడివే ఎల్లు బొబ్బిలి!” అందావిడ.

“ఎందుకు నవ్వుతారే? నాను నోరిప్పితే కదా.”

ఆవిడ నమ్మలేదు. వారం రోజులుగా ఈ ప్రయాణం గురించి వీధి వీధంతా టముకేసి వచ్చిన మనిషి నోరిప్పడంటే ఎవరు మాత్రం నమ్ముతారు!

సాలూరు నుంచి బొబ్బిలి గంట ప్రయాణం కూడా కాదు. ఒకే ఒక్క పెట్టె ఉన్న రైలు కాబట్టి దాన్ని అందరూ రైలుబస్సు అంటారు. అందులో వెళ్ళి, బొబ్బిలిలో మినపట్టు తిని, అదే బండిలో తిరిగి రావడం. అంతకు మించి కార్యక్రమం లేదు. అయితేనేం, పెళ్ళయ్యాక మొగుడూ పెళ్ళాలు కలిసి సరదాకి ఊరు కదలడం ఇదే మొదలు. పెళ్ళిళ్ళకైనా చావులకైనా ఆవిడ పిల్లల్ని చంకనేసుకుని ఒక్కతే వెళ్ళేది. ‘ఈపాలికి కుదర్నేదే’ అనడం అసిరయ్య వంతు. ఇవాళ గనక ఆవిడ మధ్యలో దిగిపోతే మళ్ళీ జన్మలో తనతో గడప దాటదు. ఆవిడ పంతం ఆయనకి తెలుసు.

తీరా బండెక్కితే కిటికీ సీట్లన్నీ నిండిపోయి ఉన్నాయి. అసిరయ్య ఒక్కో కిటికీనీ ఆశగా చూసుకుంటూ నడిచాడు. ఓ కిటికీ పక్కన అనూరాధ అనే టీచరు కూర్చుంది. రోజూ ఆ బండిలోనే బడికి వెళ్ళే మనిషి, ఒళ్ళో పరీక్ష పేపర్ల కట్ట పెట్టుకుని ఫోన్ చూసుకుంటోంది.

“అమ్మా, నానక్కడ కూకోనా?”

“ఎక్కడండీ?”

“కిటికీ కాడ.” పల్లీల పొట్లం ఆవిడ ముందుకు చాచాడు. లంచం! లక్ష్మణమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అనూరాధ నవ్వాపుకుని లేచి ఎదుటి సీట్లో సర్దుకుంది. పొట్లం మాత్రం పుచ్చుకోలేదు.

బండి కదిలింది. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది.

“ఒసే, కొంగలే! ఓలమ్మ, ఆ సెరువు సూడు, ఎన్ని తామర పూలో! ఏ ఊరే అది?”

“మనూరే! నెమ్మదిగా మాటాడు,” అంది లక్ష్మణమ్మ పళ్ళ బిగువున.

“మనూల్లో తామర పూలున్నాయా? ఎప్పుడొచ్చాయి?”

“నాను కాపరానికొచ్చిన కాడ్నించీ ఉన్నాయి.”

పల్లీలు రెండు చేతులా ఒలుచుకు తింటూ, అదేదో రాజభోగమన్నట్టు అరమోడ్పు కళ్ళతో తల ఊపాడు. ఇంతలో పట్టాల మీదికి గేదె అడ్డొచ్చింది. బండి కూత పెట్టి టక్కున ఆగింది. అసిరయ్య కుడికాలు పెట్టి నేలని గట్టిగా తొక్కాడు.

“భయపడకండి తాతగారూ, ఇక్కడ రోజూ ఇంతే,” అంది అనూరాధ.

అసిరయ్య కాలు వెనక్కి తీసుకుని సిగ్గుగా నవ్వాడు. ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. కాస్త ముందుకెళ్ళగానే గేటు వచ్చింది. అవతల లారీలు వరసగా ఆగి హారన్లు కొడుతున్నాయి. అంతే, చెయ్యి బయటికి చాపి చిన్నపిల్లాడిలా ఊపేశాడు.

“ఆగండర్రా, ఆగండి! మేం ఎల్లాకే మీరు! ఎంత కొట్టుకున్నా అంతే!”

పెట్టె పెట్టంతా గొల్లుమంది. లక్ష్మణమ్మ మొహం కందగడ్డయింది. గభాల్న సంచీ తీసుకుని లేచింది. రాబోయే స్టేషన్‌ కోసం బండి అప్పుడే నెమ్మదిస్తోంది.

అసిరయ్య ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఏదో చెప్పబోయి, అలాగే చూస్తూ ఉండిపోయాడు. కిటికీలోంచి వచ్చే ఎండ ఆవిడ బుగ్గ మీద ఆడుతోంది, నెరిసిన ముంగురులు గాలికి ఎగురుతున్నాయి.

“ఏటలా సూస్తన్నావు? వదులు!”

“బండి ఎల్తన్నప్పుడు నీ మొకం ఇంత బాగుంటాదని నాకు తెల్దే!” అన్నాడు, అందరికీ వినబడేలా.

పెట్టె మళ్ళీ గొల్లుమంది. ఈసారి ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. లక్ష్మణమ్మకి కోపం రావాలి. వచ్చిందనే అనుకుంది. “సిగ్గు నేదేటి ముసిలాడికి!” అంటూ ఆయన పక్కనే కూలబడింది. స్టేషన్ వచ్చింది, వెళ్ళిపోయింది. ఆవిడ దిగలేదు. ఆ సంతోషం పట్టలేక అసిరయ్య చేతిలో మిగిలిన పల్లీలన్నీ ఆవిడ ఒళ్ళో పోసేశాడు.

తర్వాత ఆయనకి కళ్ళు బరువెక్కాయి.

“అమ్మా టీచరమ్మా, సిన్న కునుకు తీస్తాను. ఏటీ అవదు కదా?”

“హాయిగా పడుకోండి. బండి సంగతి డ్రైవరు చూసుకుంటాడు కదా.”

“అవును కదా! డ్రైవరు సూసుకుంటాడు!” లాటరీ తగిలినవాడిలా పకపకా నవ్వి, పెళ్ళాం భుజం మీద తల వాల్చాడు. మరుక్షణం గుర్రు మొదలైంది. లక్ష్మణమ్మ ఆయన నిద్ర చెడకుండా భుజం కదపకుండా కూర్చుంది.

అనూరాధకి ముచ్చటేసింది, జాలీ వేసింది. ముందుకు వంగి మెల్లిగా అడిగింది.

“మామ్మగారూ, తాతగారు ఎప్పుడూ ఊరు దాటి ఎరగరా, పాపం?”

లక్ష్మణమ్మ ఆయన చొక్కా మీది పల్లీ పొట్టు దులుపుతూ అంది: “లారీ డ్రైవరమ్మా, అస్సాం కాడ్నించి గుజరాతు దాకా ఈయన తోలని రోడ్డు నేదు.”