వేలిముద్ర

"మీ కొత్త నవలని పదిమంది తెగ మెచ్చుకున్నారు సార్. ఇంకో పదిమంది సగంలోనే తిరిగిచ్చేసినారు," అని నసిగాడు శాంతికుమార్. టీవీ సీరియళ్లు వచ్చాక పలాసలో మిగిలిన ఒకే ఒక్క అద్దెపుస్తకాల షాపు అతనిది.

లోకనాథ్‌కి ఒళ్లు మండింది. ఇరవై డిటెక్టివ్ నవలలు రాసిన చేత్తో మొదటిసారి గూఢచారి నవల రాశాడు.

"ఏం తక్కువైందట?"

"కుర్రోళ్లకి ఆ జలాంతర్గామి ఫైటింగు నచ్చింది. పెద్దోళ్లు మాత్రం పాత డిటెక్టివే కావాలంతన్నారు."

"ఎంత కష్టపడి రాసినా ఈ జనానికి ఎక్కదయ్యా!"

జీడిపప్పు ఫ్యాక్టరీ కూలీ పోలమ్మ అదే నవల తిరిగివ్వడానికొచ్చి, బల్ల మీద పెట్టింది. "మా పాప సదివితే ఇన్నాను బాబూ. బాగుంది గానీ, ఒక్కటే నమ్మబుద్ధి కాలేదు."

"ఏంటది?" విసుక్కున్నాడు లోకనాథ్.

"ఆ గూఢచారి కూలోడి ఏసంలో ఏడాదిపాటు జీడిపిక్కలు కొట్టినాడు కదా. మరి గలాసు మీద ఏలిముద్ర దొరికి ఎలాగ పట్టుబడ్డాడు?"

"వేలిముద్ర లేని మనిషి ఉంటాడా అమ్మా!"

పోలమ్మ బల్ల మీదున్న ఇంకుప్యాడ్ మీద బొటనవేలు అద్ది, రిజిస్టర్లో తన పేరు పక్కన నొక్కింది. గీత ఒక్కటీ లేని నల్లటి మచ్చ పడింది.

"పిక్కల్లోంచి కారే జీడిరసం గీతలన్నీ తినేసింది బాబూ."

గ్లాసు సీను వెతకబోతూ లోకనాథ్ తన పుస్తకం తెరిచాడు. ముందు అంకితం పేజీ తగిలింది.

'జీడిపిక్కలు కొట్టి నన్ను చదివించిన అమ్మ చేతులకు.'