మల్లన్న వాటా

“ఈ డబ్బుతో శ్రీశైలం కొండెక్కడం అయ్యే పని కాదండీ,” అన్నాడు దేవరాజు.

చాప మీద పోసిన రూపాయల, అణాల చుట్టూ కూర్చున్న కొల్లేటి లంక వాళ్ళ మొహాలు వాడిపోయాయి. పట్టిన చేపల్లో పడవకో వాటా, వలకో వాటా తీసినట్టే ఏడాది పొడుగునా మల్లన్నకో వాటా తీసి కూడబెట్టిన డబ్బది. శివరాత్రికి పదిమందీ కొండెక్కుతామని మొక్కుకున్నారు. దారి చూపడానికి తాడేపల్లిగూడెం నుంచి దేవరాజుని పిలిపించారు.

దేవరాజు బాధ డబ్బు గురించి కాదు. ఏటేటా యాత్రికుల్ని కొండెక్కించి బతికే మనిషికి కుడి మోకాలు పూర్తిగా పోయింది. “నేను రాలేను” అని ఒక్కచోట నోరు జారితే చాలు, ఆ మాట ఏలూరు దాకా పాకుతుంది. ఇక పిలిచేవాడుండడు, ఇంట్లో పొయ్యి వెలగదు. వాళ్ళంతట వాళ్ళే యాత్ర మానుకుంటే తన పేరు నిలుస్తుంది. అందుకే ఖర్చును కొండంత చేసి చెప్పాలని పంటి బిగువున పడవ దిగి వచ్చాడు.

“ఏం తక్కువైందో చెప్పండి,” అంది పెద్దింటమ్మ. అరవై దాటిన మనిషి. ఆ లంకకి పెద్ద దిక్కు ఆవిడే, ఈ యాత్ర లెక్కంతా ఆవిడదే.

“నంద్యాల దాకా రైలు. ఆత్మకూరు దాకా బస్సు. ఆపైన అంతా అడవీ కొండా. శివరాత్రి రోజుల్లో దారిపొడుగునా బియ్యం మూడింతల ధర పలుకుతాయండీ.”

“మేం కొంటే కదండీ! అటుకులూ బెల్లం మోసుకొస్తాం. మొక్కు తీరేదాకా చేప ముట్టకుండా మా రామకోటి ఎలా బతుకుతాడన్నదే నా దిగులు.”

అందరూ గొల్లున నవ్వారు. ఆవిడ కొడుకు రామకోటి తల వంచుకుని మీసాల చాటున తనూ నవ్వుకున్నాడు.

“మరి నీళ్ళో? అడవిలో పూటల తరబడి చుక్క దొరకదు. మోసేవాళ్ళకి కూలి పెట్టుకోవాలి.”

“నీళ్ళలో పుట్టినోళ్ళం, నీళ్ళకి కూలి ఇస్తామా?” పెద్దింటమ్మ చూరు కేసి చూపించింది. ఎండబెట్టిన సొరకాయ బుర్రలు వరసగా వేలాడుతున్నాయి, మనిషికి రెండేసి చొప్పున.

దేవరాజు లోలోపల భేష్ అనుకున్నాడు. పైకి మాత్రం మొహం ముడుచుకున్నాడు.

“మీరు పల్లపు నేల మనుషులు. గట్టున పది మెట్లెక్కిన అలవాటు కూడా లేదు. అక్కడ భీముని కొలను దగ్గర లోయలోకి దిగి, మళ్ళీ నిలువునా ఎక్కాలి. సగంలో కూలబడితే?”

“దసరా కాడ నించీ అందరం నెత్తిన తడివలల గంప పెట్టుకుని మోకాటి లోతు బురదలో నడుస్తున్నామండీ. కొండని ఎక్కణ్ణించి తెచ్చుకుంటాం? ఉన్న బురదతోనే కాళ్ళు గట్టి చేసుకున్నాం.”

 ఎందరెందరో గొప్పవాళ్ళు దేవరాజుని వెంటబెట్టుకు వెళ్ళారు. పరుపులూ వంటవాళ్ళూ దండిగా ఉండేవారు గానీ, ముందుగా తమ కాళ్ళ సంగతి ఆలోచించినవాళ్ళు ఒక్కరూ లేరు. కొండ మొహం ఎరగని ఈవిడకి ఇంత ముందుచూపు ఎక్కణ్ణించి వచ్చిందో! ఇలాంటి వాళ్ళతో కదా కొండెక్కాలి అనుకోగానే అతని చెయ్యి కుడి మోకాలి మీదికి పోయింది.

ఇక మిగిలింది ఒక్కటే ఎత్తు.

“మీ వయసు వాళ్ళని నడిపించి ఎక్కించడం నా వల్ల కాదమ్మా. డోలీ పెట్టాల్సిందే. నలుగురు బోయీలు, రానూ పోనూ పదహారు రూపాయలు. అది లేకపోతే నేను రాను.”

రామకోటి దిగ్గున లేచాడు. “మా అమ్మకి డోలీ ఏంటండీ? ఇప్పటికీ ఒక్కతే గెడేసుకుంటా ఆకివీడు దాకా పడవ తీసుకెళ్తది!”

“నువ్వుండరా,” అంది పెద్దింటమ్మ. దేవరాజు వైపు కాసేపు తేరిపార చూసింది. “డోలీ కావాల్సిందే. ఆయన చెప్పింది నిజం.”

‘లాభం, రెండు, మూడు’ అంటూ డబ్బు మళ్ళీ లెక్కపెట్టింది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా డోలీకి మిగలలేదు. అప్పుడావిడ వంగి, కాళ్ళకున్న వెండి కడియాలు లాగి చాప మీద పెట్టింది.

“వీటికి పదహారూ వస్తాయి కదండీ? బోయీలు మాత్రం కాలు జారని వాళ్ళయ్యుండాలి.”

 ఆ కడియాలు ఆవిడ కాళ్ళకి లేకుండా వాళ్ళెవరూ ఎప్పుడూ చూడలేదు. దేవరాజుకి తల కొట్టేసినట్టయింది. ఇంత మనిషిని మోసం చేసి నిలుపుకునే పేరెందుకు? పోతే పోనీ అనుకున్నాడు.

“కడియాలు తొడుక్కోండమ్మా,” అన్నాడు. “నాకు మోకాలు పోయింది. కొండెక్కలేను. మిమ్మల్ని మాన్పించాలనే ఇదంతా చెప్పాను.”

“పడవ దిగేటప్పుడే చూశానండీ.”

“చూసి కూడా డోలీకి ఒప్పుకున్నారా? దారి చూపేవాడే రాలేనప్పుడు మీకు డోలీ ఎందుకమ్మా?”

పెద్దింటమ్మ చాప మీది కడియాలు తీసి అతని చేతిలో పెట్టింది.

“డోలీ నాక్కాదండీ, మీకు. మా పడవల్లో దారి తెలిసినోడి చేత గెడ పట్టించం, ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్తాం.”