ఒరిజినల్ సీడీ

రెండు రోజులుగా నెహెమ్యా కంప్యూటర్ ఆన్ అవుతోంది గానీ, లోపలికి మాత్రం రానివ్వడం లేదు.

"యాక్టివేట్ చేయమంటాండాది సార్," అన్నాడు మెకానిక్ దేవేంద్ర. "కరెంటు పోయి విండోస్ చెడిపోయింది గదా, రిపేరుకని మళ్లీ ఏసినాను. ఇప్పుడు కంపెనీవాళ్లు ఒప్పుకుంటే గానీ తెరుచుకోదు."

లోపల నూట ఎనభై పాటలున్నాయి. చర్చి యాభై ఏళ్ల పండక్కి వేసే పుస్తకం. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా రిటైరయ్యాక, నెహెమ్యా ఒంటి వేలితో రెండేళ్లు కూర్చుని కొట్టినవి. రేపు పొద్దున ప్రెస్సుకు చేరకపోతే పండక్కి పుస్తకం లేనట్టే. ముందుమాటలో తన పేరు చూసుకోవాలని ఆయనకు ఎంత ఆశో సువర్ణమ్మకు తెలుసు. అందుకే రెండు రోజులుగా ఆమె భర్తను కూర బాగుందా అని కూడా అడగలేదు.

"నా దగ్గర ఇంకో సీడీ ఉండాది సార్. గంటలో ఐపోతుంది. ఏ కంపెనీనీ అడగబళ్లేదు."

"దొంగ సీడీ నా ఇంట్లో యాల అప్పా?"

"పోనీ, పాటలు తీసి నా మిషన్‌లో ఏసుకొని ప్రెస్సుకు ఇస్తాను."

"నీ మిషన్‌లో ఉండేదీ దొంగదే గదా. దేవుని పాటలు దాంట్లోకి ఎక్కిస్తావా?"

ఉన్నమాటంటే ఊరు అచ్చిరాదంటారు. నెహెమ్యాకు మాత్రం ఉన్నమాట అంటూనే అరవై ఏళ్లు గడిచాయి. ఊరంతా యాభై రూపాయల సీడీలతో నడుస్తుంటే, ఆయన బెంగుళూరు నుంచి ఒరిజినల్ తెప్పించాడు. దాని బిల్లు ఇప్పటికీ బైబిల్లోనే ఉంది.

తనొక్కడు నీతిగా ఉంటే చాలనుకునే రకమూ కాదు. పుంగనూరులో బావమరిది, కుప్పంలో తమ్ముడు శాలేము రాజు, చివరికి నిమ్మనపల్లె పాస్టరుగారు కూడా ఆయన పోరు పడలేక తమ దొంగ సీడీలు విరిచి చెత్తలో వేశారు. దొంగతనం నుంచి ఇంతమందిని తప్పించానని ఆయనకు కాస్త గర్వమే. అది పాపమని తెలుసు గనక పైకి చెప్పుకోడు.

దేవేంద్ర ఆయన సీడీని వెలుతురుకు తిప్పి చూశాడు. "ఒరిజినలే గానీ బాగా గీతలు పడుండాది సార్."

"మంచి వస్తువును పెట్టెలో దాస్తే ఎవరికి లాభం?"

"సరే, ఫోన్ చేద్దాం. తెర మీద అంకెలు చదవండి, వాళ్లు తిరిగి అంకెలు చెప్తారు, అవి కొడితే తెరుచుకుంటుంది. మధ్యలో ఎన్ని కంప్యూటర్లలో ఏసినారని అడుగుతారు. ఒకటి అని చెప్పండి, ఎక్కువైతే ఒప్పుకోరు."

"నువ్వు నాకు నేర్పించాల్నా? ఉండేది ఉండేట్టు చెప్తాను."

చాలాసేపు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది. అదృష్టం, తెలుగు వచ్చిన పిల్ల. నెహెమ్యా కళ్లజోడు సవరించుకుని, ఆదివారం వాక్యం చదివినట్టు యాభైనాలుగు అంకెలూ చదివాడు. సువర్ణమ్మ వంటింటి గుమ్మంలో చేతులు జోడించి నిలబడింది. దేవేంద్ర కాగితం, పెన్ను పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

"మీది ఒరిజినలేనా సార్?" అంది అమ్మాయి.

"బిల్లు ఉండాదమ్మా. తేదీతో సహా చదవమంటావా?"

అమ్మాయి నవ్వింది. "వద్దు సార్. మీలాంటివాళ్లు చాలా తక్కువ. చివరి ప్రశ్న, ఇది ఎన్ని కంప్యూటర్లలో వేశారు?"

దేవేంద్ర ఒక వేలు పైకెత్తి చూపించాడు. నెహెమ్యా అటు చూడలేదు.

"మాదొకటి, పుంగనూరు బావమరిదిదొకటి, కుప్పం తమ్ముడిదొకటి, నిమ్మనపల్లె పాస్టరుగారిదొకటి..." అంటూ కళ్లు మూసుకుని, ఎవర్నీ మరచిపోకుండా వేళ్లు మడిచి లెక్కపెట్టి, "అన్నీ కలిపి పద్నాలుగు తల్లీ, అన్నిట్లోనూ ఈ ఒరిజినలే," అన్నాడు నెహెమ్యా.