రెండు దెబ్బలు

"నీ క్లీనర్ ఎనక నిలబడి చెప్తడు. నువ్వు రివర్స్ తియ్. ఎనక పెట్టిన డ్రమ్ముకు తాకిందంటే హెవీ లైసెన్సు రెన్యువల్ చెయ్య," అన్నాడు ఆర్టీవో ఇన్‌స్పెక్టర్.

ఆయన పెదవులనే చూస్తూ దుర్గయ్య తలూపాడు.

వినికిడి పోయి రెండేళ్లయినా దుర్గయ్య ఎవరికీ తెలియనివ్వలేదు. లారీ వెనక్కి తీసేటప్పుడు క్లీనర్ ఖయ్యూం బండి బాడీ మీద రెండు దెబ్బలు కొడితే ఆపాలి. ఆ అదురు స్టీరింగు మీది అరచేతులకు తెలిసిపోయేది.

బహదూర్‌పురా మైదానంలో లారీ వెనక్కి కదిలింది. దెబ్బ పడలేదు. ఇంకో గజం పోయింది. అరచేతులు స్టీరింగుకు అదిమి దుర్గయ్య అద్దంలో చూశాడు. ఖయ్యూం నోరు తెరిచి అరుస్తున్నాడు. చేతులు మాత్రం వెనక్కి కట్టుకున్నాడు.

డ్రమ్ము దొర్లిపోవడం అద్దంలోనే కనిపించింది.

ఇన్‌స్పెక్టర్ కాగితం మీద అడ్డగీత కొట్టి వెళ్లిపోయాడు. దుర్గయ్య కిందికి దూకి ఖయ్యూం కాలరు పట్టుకున్నాడు.

"ఇరవై ఏండ్ల లైసెన్సురా అది! బండి మీద కొట్టకుంట నా పొట్ట మీద కొట్టినవ్ గదరా!"

"మొన్న ఉప్పుగూడ పట్టాల కాడ రైలు కూత పెట్టింది. నువ్వు ఆపలే. నేను డోర్ మీద కొడితే ఆపినవ్. అల్లా కసం అన్నా, గప్పుడు నాకు కన్నంటుకుంటే?"

నాకు ఇనబడదని నీకెవలు చెప్పిన్రని అడగబోయి దుర్గయ్య ఆగిపోయాడు.

ఖయ్యూం ఎదురుగా నిలబడి, పెదవులు బాగా విప్పి, ఒక్కొక్క మాటే మెల్లగా చెప్తున్నాడు. రెండేళ్లుగా తనతో అట్లాగే మాట్లాడుతున్నాడు.