రీలు కాలపు లెన్సు

“ఫొటో పెద్దది చేసి లాభం లేదక్కా. నాన్న రీలు కాలంలో వాడిన లెన్సు అది. నీ కొత్త కెమెరా అరవై మెగాపిక్సెళ్లకి అదేం సరిపోతుంది? అంతా అలికేసినట్టు వస్తుంది,” అన్నాడు రఘువీర్, గదిలో అటూ ఇటూ తిరుగుతూ.

ఇంద్రజ వినిపించుకోలేదు. పొద్దున ముఖర్జీ నగర్‌లో, ఈ బాల్కనీ కిందే, కోచింగ్ కుర్రాళ్ల గుంపొకటి మోమోల బండివాణ్ణి ఇనుప రాడ్లతో చావబాదింది. ఆమె ఒక్క ఫొటో మాత్రం తీయగలిగింది.

“నువ్వు లైబ్రరీలో ఉన్నావు కాబట్టి సరిపోయింది. నేను కళ్లారా చూశాను. ఆ భయ్యాకి పుర్రె చిట్లిందట్రా. కొట్టినవాడెవడో తేలాలి.”

“పాత గాజక్కా! ఏం తేలదు!”

ఆమె కెమెరా తెర మీద బొమ్మను పెంచుతూ పోయింది. ఎత్తిన రాడ్డు, దాన్ని పట్టుకున్న చెయ్యి, భుజం, ఆ పైన ముఖం.

రఘువీర్ ఒక్క ఉదుటున కెమెరా లాక్కుని గోడకేసి కొట్టాడు. లెన్సు భళ్లున పగిలింది. మళ్లీ కొట్టాడు. అడ్డం వెళ్లిన ఇంద్రజ అరచెయ్యి తెగి, గచ్చంతా రక్తం. అయినా ఆగకుండా, మిగిలిన ముక్కల్ని చెప్పుకాలితో నలగదొక్కి, రొప్పుతూ నిలబడ్డాడు.

ఆమె చున్నీ చేతికి చుట్టుకుంది.

“నువ్వన్నది నిజమేరా. ఆ లెన్సు దీనికి సరిపోలేదు. ముఖం ఉండాల్సిన చోట ఉత్త మసక. వాడెవడో నాకు తెలియనే లేదు,” అంది, తమ్ముడి చేతుల వంక చూస్తూ. “ఇప్పటిదాకా.”